కింద సిఫారసు రాయొద్దు

నిర్మల్,
8-2-1959.

బాపుకు మీ పెద్దకొడుకు బుచ్చిరాములు దండాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను, సక్కుబాయి, పాప అందరం కులాసా. లక్సెట్టిపేటలో మీరు, అవ్వ కూడా కులాసాగా ఉన్నారని తలుస్తాను. అవ్వ మోకాళ్లకు సక్కుబాయి పంపిన నూనె అందిందో లేదో మీరు రాయలేదు. ఎదురుగా ఉంటే నువ్వు అంటాను గానీ, కాగితం మీదికి వచ్చేసరికి మీరు అనే వస్తుంది. పంతులు ఉద్యోగం అలవాటు, ఏమనుకోకండి.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇరవై రెండో తారీఖున తెలుగు పరీక్ష అనీ, మూడోసారి కూడా తప్పితే కొలువు ఉండదని పెద్దసారు ముఖం మీదే అన్నాడనీ చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. "ముప్పై ఏండ్ల సంది కచేరిల ఉర్దూల ఖులాసాలు రాసినోన్ని. వంద కాగితాల మిసిలును నాలుగు మాటలల్ల కుదించినోన్ని. పరీక్షల గా సంగ్రహం నాకెందుకు రాదుర?" అని అడిగారు. చదివి సక్కుబాయి కూడా "మామ మస్తు పరేషాన్ల ఉన్నడు, జర మంచిగ రాయి" అన్నది.

బాపూ, అది మీకు రాకపోవడమేమిటి? మన బర్రె తప్పిపోయిన రోజు యాదికి తెచ్చుకోండి. అవ్వ దేవులాడి దేవులాడి ఇంటికి వచ్చి, దారిలో శంకరవ్వ ఎక్కడ కలిసింది, ఏమన్నది, కాలిలో ముల్లు ఎట్లా గుచ్చుకున్నది, అంతా మొదటినుంచి ఎత్తుకున్నది. మీరు చెప్పులు తొడుక్కుంటూ "బర్రె దొరికిందా లేదా, ముందుగాల గది చెప్పు" అన్నారు. "దొరికింది, బందెలదొడ్ల ఉన్నది" అన్నది అవ్వ. సంగ్రహమంటే అంతే. శంకరవ్వను వదిలేయవచ్చు, ముల్లును వదిలేయవచ్చు. బందెలదొడ్డిని వదిలితే మాత్రం మీరు ఎటు పోవాలో తెలియదు. ఈ ముక్క అవ్వకు చదివి వినిపించకండి.

పరీక్షలో ఇచ్చిన భాగం మొదటిసారి చదివేటప్పుడు కలం జేబులోనే ఉండనివ్వండి. చేతిలో ఉంటే మీరు ప్రతి మాట కిందా గీత గీస్తారు, చివరికి ఏది ముఖ్యమో గీతలకే తెలియదు. ఊరికే చదివి, కాగితం బోర్లా పెట్టి, "గిండ్ల ఏమున్నది?" అని మిమ్మల్ని మీరే అడగండి. ఒక్క మాటలో జవాబు వస్తే సగం పని అయినట్టే. రాకపోతే మళ్లీ చదవండి, తొందర పడొద్దు. రెండోసారి చదివేటప్పుడు ఒక్కో పేరాకు ఒక్కో వాక్యం పక్కన రాసుకోండి. ఆ భాగం రాసినాయన మాటలు ఎత్తి రాయొద్దు, మీ మాటల్లో రాయండి. నాలుగు ఉదాహరణలు ఇచ్చి ఉంటే నాలుగూ పక్కకు పెట్టి, వాటిని దేనికోసం చెప్పాడో అది రాయండి. మూడు వందల మాటలుంటే వందకు తేవాలి. నూట పది అయితే ఫికర్ లేదు. రెండు వందలు అయితే కష్టం.

రాసింది అవ్వకు చదివి వినిపించండి. అవ్వ "ఎవరు? ఎందుకు?" అని అడిగిందంటే ఉండవలసింది ఏదో పోయినట్టు. ఆవులించిందంటే పోవలసింది ఇంకా ఉన్నట్టు. ఆమె కన్నా మంచి పరీక్షకుడు మీకు దొరకడు. రోజుకు ఒకటి చొప్పున రాసినా పరీక్షనాటికి పదికి పైనే అవుతాయి.

ఇక అసలు మాట. కింద సిఫారసు రాయొద్దు. కచేరిలో దరఖాస్తుకు ఖులాసా రాసి, దాని కింద "విచారించి మంజూరు చేయవచ్చు" అని మీ అభిప్రాయం రాయడం మీ పని. పరీక్షలో ఆ పని లేదు. ఉన్నది చెప్పి ఊరుకోవాలి. మన అభిప్రాయం ఎవరూ అడగలేదు.

మీరు సిఫారసు రాస్తారని నాకెట్లా తెలుసు? మీ ఉత్తరంలో ఆ సంగతి లేదు. ఈ వాక్యం దగ్గర నా కలం రెండు రోజులు ఆగింది. "ఎందుకు తప్పిన్నో ఎవలన్న చెప్తే మంచిగుండు" అని మీరు దసరా ముందటి ఉత్తరంలో అడిగారు. దానికి నేను జవాబు రాయలేదు. బాపూ, ఇక నువ్వు అనే రాస్తాను, మీరు అంటే ఈ మాట బయటికి రాదు.

పోయినసారి ఆ కాగితాలు దిద్దిన పంతుళ్లలో నేనూ ఉన్నాను. కాగితాల మీద పేర్లుండవు, నంబర్లే. తేనెటీగల మీద ప్రశ్న. ఒక కాగితం చివర ఇట్లా ఉన్నది: "తేనెటీగలు బహుదూరం పోయి తేనె కూడబెట్టుచున్నవి. మనుషులు దానిని ఎత్తుకపోవుచున్నారు. తేనెటీగల మనవి న్యాయమైనది. మంజూరు చేయవచ్చును." నాకు నవ్వు ఆగలేదు. పక్కనున్న హనుమండ్లు పంతులుకు చదివి వినిపించాను. ఆయన "ఇంకోసారి సదువు, ఇంకోసారి సదువు" అన్నాడు. ఈసారి లేచి నిలబడి గట్టిగా చదివాను. గది గదంతా నవ్వింది. ఆ ఊపులోనే ఇరవైకి నాలుగు మార్కులు వేశాను.

తర్వాత కాగితం తిప్పితే వెనక మూలకు పుట నంబరు ఉర్దూ అంకెలో ఉన్నది. మంజూరు అన్న మాట చివర తోక కాగితం అంచు దాకా గుంజి ఉన్నది. నా చిన్నప్పుడు పలక మీద నా పేరు రాసి ఇచ్చి, చివర గుంజిన తోక అదే. సిఫారసు కొట్టేసి చూస్తే పైన రాసిందంతా సరిగ్గానే ఉన్నది. ఎంత గట్టిగా దిద్దినా తొమ్మిది వేయాలి. నువ్వు తప్పింది అయిదు మార్కులతోనే. మార్కులు మారుద్దామంటే, ఎందుకు మారుస్తున్నావని పెద్ద పంతులు అడుగుతాడు. "అది మా బాపు రాసింది" అని ఆ నవ్విన గదిలో చెప్పాలి. సిగ్గుపడ్డాను బాపూ, నిన్ను చూసి. కట్ట కట్టి ఇచ్చేశాను. ఇప్పుడు నన్ను చూసుకుని సిగ్గుపడుతున్నాను.

ఈసారి కూడా దిద్దడానికి పిలుపు వచ్చింది. రానని రాసి ఇచ్చాను. నీ కాగితం ఎవరి చేతిలో పడుతుందో, వాళ్లు ఎట్లాంటివాళ్లో అని నాకు భయంగా ఉన్నది. నా కంటే మంచివాళ్లు కావాలని మొక్కుకుంటున్నాను. నువ్వు మాత్రం బాగా నిద్రపోయి పరీక్షకు పో.

ఇంత పొడుగు ఉత్తరానికి ఖులాసా రాయమంటే ఇదీ: నీ చేతిరాతతోనే అక్షరాలు నేర్చుకున్న కొడుకు, నీ చేతిరాతను చూసి నవ్వాడు. మన్నించమని అడుగుతున్నాడు.

పరీక్షలో రాయొద్దు గానీ, దీని కింద మాత్రం సిఫారసు నువ్వే రాయాలె బాపూ. మంజూరో, నామంజూరో. తోక గుంజి మరీ రాయి.

ఇట్లు,
ఆ ఒక్క మాట కోసం టపా దారి చూస్తున్న నీ కొడుకు
బుచ్చిరాములు