ఆటలో నా అక్షరాలు

మంగళవారం, నర్సీపట్నం

కోపం ఇంకా తగ్గలేదు. పాత వీడియో గేములో ఇంగ్లీషు తీసేసి తెలుగు పెట్టడం నేర్చుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. అత్తయ్య చదువుకుంటూ ఆడాలని ఒక్కో అక్షరాన్నీ చుక్క చుక్కగా గీశాను. మరిది ఆ తెలుగు ఆటని తన పేరుతో పాత గేముల ఆన్‌లైన్ గ్రూపులో పెట్టేశాడు. అడిగితే నవ్వాడు.

"ఇంట్లోవోళ్లమే కదా వదినా, ఎవరి పేరైతే ఏటి?"

మా ఆయన కూడా "పోనీలే" అన్నారు. ఆ మాటకే ఎక్కువ మండింది.

సాయంత్రం మరిదే నా దగ్గరికొచ్చాడు. ఆటలో ఒక్కో అక్షరానికి ఉండే అంత చిన్న గడిలో ఒత్తులు ఎలా ఇమిడ్చావని గ్రూపులో ఎవరో అడిగారట.

"బేగి సెప్పు వదినా, అందరూ సూస్తన్నారు."

"పేరు నీదే కదా, నువ్వే చెప్పు," అన్నాను.

అత్తయ్య ఆట ఆపింది. "ముందు ఆ పిల్ల పేరు పెట్రా," అంది.

వాడు వెళ్ళిపోయాడు. ఇప్పుడే చూశాను. గ్రూపులో ఇంకా వాడి పేరే ఉంది.