పైలట్ కుర్చీ బెల్టు

నర్సీపట్నం, 1986
శ్రావణం, మంగళవారం రాత్రి

నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. రాతలో తప్పులుంటాయి, అక్షరాలు వంకర పోతాయి. మన్నించాలి.

టైఫాయిడ్ తగ్గినా ఆయన చేతి వణుకు తగ్గలేదు. ఆఫీసులో డ్రాయింగులు గీసే ఉద్యోగం. రెండు నెలలుగా సెలవు. చెయ్యి కుదురుతుందని, ఓడలో పనిచేసే మా మరిది తెచ్చిన, ముక్కలు అతికించి తయారుచేసే బొమ్మ విమానం ముందేసుకుని కూర్చుంటున్నారు. పైనొక రెక్క, కిందొక రెక్క, మొత్తం కలిపి జానెడు లేదు. దానికి అంటించే సన్న ముక్కలు పల్చటి ఇత్తడి రేకులో ఆసిడ్‌తో కోసి వచ్చాయి.

ఈ మధ్యాహ్నం పైలట్ కుర్చీకి బెల్టు అంటించారు. నూకగింజంత ముక్క. వంకరగా పడింది. విసుక్కుని, అన్నం తినకుండా పడుకున్నారు. జిగురు ఇంకా ఆరలేదు. నేను జడపిన్నుతో మెల్లగా జరిపి సరిచేశాను. మల్లెమొగ్గలు కట్టే చేతికి అదేమంత కష్టం కాదు.

ఆయన లేచి చూసి కేకేశారు. "ఒసే, సూసేవా! వంకరని నేనే బెదిరిపోయేను. తిన్నగానే అంటుకుంది! నా సెయ్యి ఒణకలేదు!"

"ఏట్రా ఆ గోల? ఇమానం గాని ఎగిరిపోనాదేటి?" అంటూ అత్తగారు వచ్చారు.

"సోమారం ఆఫీసుకెళ్లిపోతానమ్మా!"

ఎన్నాళ్లకో నవ్వారు. సోమవారం అందరి ముందూ గీత వణికితే? ఇప్పుడే చెబితే ఈ నవ్వు మళ్లీ...

ఈ కాగితం ఎవరి కంటపడినా పొయ్యిలో వేసేయండి. ఆయనకు ఈ సంగతి నా నోటితోనే తెలియాలి, సోమవారం లోపల.