ఫ్యానుకు బదులు పంపు

కర్మాగారాల తనిఖీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: రొట్టెల కర్మాగారపు జల్లెడ గదిలో ఆగిపోయిన ఫ్యానును తిప్పించుట, మరియు నా ఊపిరికి సంబంధించిన ఇతర విషయముల గురించి.

సదరు గదిలో పిండి జల్లించు పనివాడనైన నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. పిండి దుమ్మును బయటికి లాగవలసిన ఫ్యాను చాలాకాలముగా తిరుగుటలేదు. దుమ్ముకు నాకు పిల్లికూతలు మొదలవగా, సూపర్‌వైజరు గారు ఫ్యాను బాగుచేయించుటకు బదులుగా నాకొక నీలం ఇన్‌హేలరు ఇప్పించినారు. మేము దానిని పంపు అందుము. "పనిలోకి దిగేముందు రెండుసార్లు పీల్చు, టీ తాగాక రెండుసార్లు పీల్చు. ఇక ఫ్యానుతో నీకేం పని?" అన్నారు. మొదట్లో అది మంత్రం వేసినట్టు పనిచేసిన మాట వాస్తవము. నేను ఆయనకు దండం కూడా పెట్టితిని.

2. ప్రస్తుతము సదరు పంపు పట్టు సడలినది. అంతేగాక, ఇదివరకు నన్నేమీ చేయనివన్నీ నామీద పగబట్టినవి. చల్లగాలి, తడి రంగు, మెట్లు, చివరికి నవ్వు. ఆసుపత్రిలో డాక్టరమ్మ గారు, "ఈ మందు ఊపిరి గొట్టాల్ని తెరుస్తుందయ్యా, లోపలి వాపును తగ్గించదు. వాపు మందు లేకుండా రోజూ దీనిమీదే బండి లాగిస్తే ఆ గొట్టాలు అయినదానికీ కానిదానికీ అలుగుతాయి" అన్నారు. వాపు మందు రాసిచ్చి, దుమ్ములోనే ఉంటే అది మాత్రం ఎంతని ఆదుకుంటుందని అడిగారు. ఈ మాట సూపర్‌వైజరు గారికి చెప్పగా, "అయితే ఇంకో రెండుసార్లు పీల్చు" అన్నారు.

3. స్నానం చేయించి పౌడరు రాస్తే నా కూతుర్ని నేను ఎత్తుకోలేకున్నాను. నిన్న చేతులు చాచి వస్తుంటే వాళ్ళమ్మ అడ్డుపడి, "నాన్న దగ్గరికి వద్దమ్మా" అన్నది. తానేదో తప్పు చేశాననుకుని పిల్ల మూలకెళ్ళి కూర్చుంది. అయ్యా, ఇది ఏ నిబంధన కిందకు వచ్చునో నాకు తెలియదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఏడ్చినా ఆయాసమే.

కావున తమరు ఫ్యాను తిప్పించి, నన్ను నా కూతురి దగ్గరికి పోనివ్వవలసినదిగా కోరుచున్నాను. దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
జల్లెడ గది పనివాడు
(తోటివారు పిలుచు పేరు: పిల్లికూత)

తా.క. పోయినసారి తమరు వస్తున్నారని సూపర్‌వైజరు గారు ఆ పూట జల్లెడ ఆపించి గది కడిగించారు. తమరు నా పక్కకే వచ్చి, "ఏమయ్యా, ఇబ్బందులేమైనా ఉన్నాయా?" అని ప్రేమగానే అడిగారు. తమరి సెంటు వాసనకు నా గొంతు పూడుకుపోయి మాట పెగల్లేదు. కాసేపు చూసి, "ఫిర్యాదులు లేవు" అని రాసుకుని వెళ్ళిపోయారు. ఈసారి సెంటు పూసుకోకుండా రండి సార్. చెప్పాల్సింది చాలా ఉంది.