చప్పుడు మానేసిన వ్యాను

పాతపట్నం,
ఆదివారం.

మా అక్క లక్ష్మప్పకు,

తమ్ముడు దానయ్య దండాలు. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. నువ్వు, బావ, అమ్మ, పిల్లలు అంతా బాగున్నారనే తలుస్తున్నాను. అమ్మకు దగ్గు తగ్గిందా? బావ కొత్త వల అల్లడం అయిందా? పెద్దది బడికి సరిగ్గా వెళుతోందా?

ఫోన్ ఉండగా వీడికి ఉత్తరం రాసే పనేమిటా అనుకుంటావు. ఫోన్ ఎత్తగానే బావ స్పీకర్ పెడతాడు, అమ్మ పక్కన కూర్చుని ఒక్క మాట జారనివ్వదు. ఇది అమ్మ వినకూడని సంగతి. అందుకని కాగితం పట్టాను. ముందే చెబుతున్నాను, నాకేమీ కాలేదు. కాలూ చెయ్యీ చక్కగా ఉన్నాయి. భయపడకుండా చదువు.

ఇక్కడికి వచ్చి ఏడో నెల నడుస్తోంది. గది బాగానే ఉంది, కిటికీ తీస్తే కొండ కనిపిస్తుంది. మొదట్లో నిద్ర పట్టేది కాదు. మన ఇంట్లో గోడ అవతలే అలలు కదా, ఇక్కడ ఏ చప్పుడూ లేక చెవులు గుయ్యిమనేవి. ఎండ కూడా వేరు. మన ఒడ్డున చెమట పడుతుంది, ఇక్కడ ఒళ్ళు మాడుతుంది. పక్క గదిలో ఒరియా వాళ్ళు మంచివాళ్ళు, వాళ్ళ నీళ్ళన్నంలో నాకూ ఒక గిన్నె పెడతారు. చేపలు మాత్రం తినలేకపోతున్నాను, అన్నీ చెరువు చేపలు, బురద వాసన. ఎవరైనా ఇటు వస్తుంటే రెండు దోసిళ్ళు ఎండు నెత్తళ్ళు పంపించు.

నా పని నీకు తెలుసు. చిన్నంనాయుడు గారి పాత వ్యాను నడుపుతున్నాను. కిడ్నీలు చెడిపోయినవాళ్ళను పొద్దున్నే శ్రీకాకుళం తీసుకెళ్ళి, రక్తం శుభ్రం చేసే మిషను మీద పడుకోబెట్టి, నాలుగు గంటలయ్యాక మళ్ళీ ఎక్కించుకుని వస్తాను. ఒకరోజు ఒక జట్టు, మర్నాడు ఇంకో జట్టు. ఆదివారం తప్ప బండికి విశ్రాంతి లేదు. నాయుడు గారు పొలం ఉన్న రైతు. ఆయన భార్య సీతమ్మ గారికే ఈ జబ్బు వస్తే, ఆవిడ కోసం కొన్న బండి ఇది. తరవాత ఇరుగుపొరుగు ఊళ్ళ నుంచి మిగతావాళ్ళు చేరారు.

వానలు వెనకబట్టాక బండి వెనక ఎడమ పక్క కీచుమనడం మొదలుపెట్టింది. గుంతలో పడితే కీచు, లేస్తే కీచు. బండి బరువు మోసే ఇనప పట్టీల చివర చుట్టల్లో, ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా రబ్బరు బుష్‌లు ఉంటాయి. అవి ఎండిపోతే అలా అరుస్తాయి. నాకు పెద్ద లెక్క లేదు. కానీ మిషను మీంచి లేచి వచ్చినవాళ్ళు ఎలా ఉంటారో నువ్వు చూడలేదు అప్పా. పిండేసిన గుడ్డల్లా ఉంటారు. చిన్న చప్పుడు కూడా భరించలేరు.

"ఒరే దానయ్యా, ఆ కీసుకీసు నా ఎముకల్లోన తిరుగుతన్నాది రా. ఏటైనా సెయ్యు నాయనా," అనేవారు సీతమ్మ గారు, చెవులు మూసుకుని.

సరిగ్గా ఆ చక్రం మీది సీటులో గురుమూర్తి మాస్టారు కూర్చునేవారు. బడిపంతులుగా చేసి మానేసిన పెద్దాయన. "నన్నే పిలుస్తన్నాదిరా ఇది. వస్తన్నాను, వస్తన్నాను, అంత తొందరేటి?" అని నవ్వేవారు. ఆయన నవ్వితే ఎవరూ నవ్వేవారు కాదు. ఒక సోమవారం పొద్దున వాళ్ళ వీధిలో హారన్ కొడితే ఆయన బదులు ఆయన కోడలు బయటికి వచ్చింది. ముందురోజే పోయారట. జబ్బు ముదిరి పోయారు, బండి ఏం చేస్తుంది? కానీ ఆ రోజు ఖాళీ సీటు కింద అది కీచుమంటూనే ఉంది. అద్దంలో చూశాను. అందరూ ఆ సీటుకు దూరంగా జరిగి కూర్చున్నారు.

ఆ సాయంత్రమే నాయుడు గారు కేకలేశారు. "రేపొద్దుటికి ఆ సప్పుడు ఇనిపించకూడదు. మా ఇంటిది అన్నం ముట్టనేదు."

కైలాసం మిస్త్రీ దగ్గరికి తోలాను. పెద్దవాడు, నేను మావా అంటాను. నన్ను బండి వెనక ఎక్కి ఊపమని, తాను కింద పడుకుని ఒక్కో బుష్ మీదా చెంబుతో నీళ్ళు పోశాడు. ఎడమ పక్క చివరిదాని మీద పోయగానే అరుపు ఆగింది. నీళ్ళు ఆరగానే మళ్ళీ మొదలైంది.

"ఇదేరా అల్లుడూ దొంగ. రబ్బరు అరిగిపోనాది. పట్టీలు దించి కొత్తవి ఎయ్యాల. సామాను విశాపట్నం నుంచి రావాల. రెండ్రోజులు బండి నాకాడ ఉండాల."

రెండు రోజులు! ఫోన్‌లో చెబితే నాయుడు గారు ఒప్పుకోలేదు. "ఒక్క రోజు మిషను తప్పితే మా ఇంటిదానికి ఆయాసం వస్తాది, తెల్దేటి నీకు? ముందు బండి నోరు మూయించు, తరవాత సూద్దాం."

మిస్త్రీ ఒక డబ్బాలో వాడేసిన ఇంజను నూనె తెచ్చాడు. పోసే ముందు నా ముఖంలోకి చూసి ఒక మాట అన్నాడు. "ఇది పోస్తే అరుపు ఆగుతాది. కానీ నూనె రబ్బరుని తినేస్తాది. కొన్నాళ్ళే సుమా. తరవాత అది అరవను కూడా అరవదు."

నేనే డబ్బా అందుకుని పోశాను అప్పా. ఆ చెయ్యి నాదే.

మర్నాడు బండి చప్పుడు చేయలేదు. బుధవారం తిరుగుదారిలో సీతమ్మ గారు కిటికీ అద్దానికి తల ఆనించి నిద్రపోయారు. ఆవిడ బండిలో కునుకు తీయడం అదే మొదటిసారి. దిగేటప్పుడు నా తల మీద చెయ్యి వేసి "సల్లగుండు నాయనా" అన్నారు. అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ దీవెన లోపలికి దిగలేదు.

రోజులు గడిచాయి. "విశాఖకు కబురు పెట్టారా" అని నాయుడు గారిని రెండుసార్లు అడిగాను. "సప్పుడు నేదు కదా, మరేటి?" అన్నారు. మూడోసారి అడగలేదు. ఈలోగా బండి నడకలో ఏదో తేడా వచ్చింది. మలుపు తిప్పితే ముందు భాగం తిరుగుతుంది, వెనక భాగం ఒక క్షణం ఆగి తిరుగుతుంది. బరువు ఒక పక్కకు జరిగిన పడవ అలాగే చేస్తుంది, నీకు చెప్పక్కర్లేదు. బ్రేకు వేసినప్పుడు సీటు కింద టక్కుమని ఒక్క దెబ్బ, ఎవరో వేలితో తట్టినట్టు. వెనక్కి తిరిగి చూసేవాణ్ణి. ఎవరూ గమనించేవారు కాదు, అందరూ నిద్రలో ఉండేవారు.

మొన్న బుధవారం వాళ్ళను మిషన్ల మీద పడుకోబెట్టి, ఆస్పత్రి ఆవరణలో బండి నీడకు పెట్టి, కింద దూరాను. గుడ్డతో నూనె మడ్డి తుడిచాను. బుష్ రబ్బరు ఉబ్బి, పాకం బెల్లంలా వేలికి అంటుకుని వచ్చింది. దాని లోపలి బోల్టు ఒక పక్క సగం అరిగింది. పట్టీని బండికి వేలాడదీసే రెండు ఇనప రేకుల లంకెలో ఒక రేకు మీద వెంట్రుకంత చీలిక. రెండోదేమో పూర్తిగా తెగే ఉంది. తెగిన చోట ఇనుము వెండిలా మెరుస్తోంది. ఇన్నాళ్ళూ ఐదుగురిని ఆ మిగిలిన రేకు మీద మోసుకుని తిరిగాను.

వెంటనే నాయుడు గారికి ఫోన్ చేశాను.

"మెల్లగా తెచ్చీ. ఇంటికొచ్చాక రేపే మిస్త్రీ కాడ పెట్టేద్దాం," అన్నారు.

"కాదు బాబూ, తెగిపోద్దేమో..."

"మరి వాళ్ళని నడిపించి తెస్తావేటి? మెల్లగా రా."

అరసవల్లి వైపు ఉన్న మెకానిక్ దగ్గరికి పరుగెత్తాను. ఆ లంకె తన దగ్గర లేదు, రేపు తెప్పిస్తానన్నాడు. చివరికి ఒక కొట్లో లావుపాటి నైలాన్ తాడు కొని, పట్టీ చివరను బండి చట్రానికి కలిపి, మనం తెప్పకు కట్టినట్టు పన్నెండు చుట్లు చుట్టి బిగించాను. కట్టు మీద నాకు నమ్మకమే. కానీ తెప్ప మీద ఉండేది మనం. మునిగినా ఈదుకుంటాం.

వాళ్ళు బయటికి వచ్చారు. చెప్పాలా వద్దా? సీతమ్మ గారి ముఖం చూశాను, పెదవులు తెల్లగా ఉన్నాయి. చెప్పలేదు. "ఈయాల మెల్లగా వెళ్దాం అమ్మా, ఎండగా ఉంది," అన్నాను. ఎండకూ మెల్లగా వెళ్ళడానికీ ఏం సంబంధం? ఎవరూ అడగలేదు.

వంశధార వంతెన మీద వెనక నుంచి లారీలు హారన్లు కొట్టాయి. నేను వేగం పెంచలేదు. వంతెన దాటేదాకా ఎడమ అంచునే నడిపాను. పెద్దరోడ్డు వదిలి సరవకోట దాటాక కొంచెం ధైర్యం వచ్చింది. ఇంకెంత, అనుకున్నాను. చెరువుగట్టు మలుపు దగ్గర గేదె అడ్డొస్తే బ్రేకు వేశాను. సీటు కింద తుపాకీ పేలినట్టయింది. బండి ఎడమ వెనక పక్క ఒక్కసారిగా కూలబడింది, రోడ్డుకు అడ్డంగా తిరిగింది. స్టీరింగు నా చేతిలో ఉన్నా నా మాట వినలేదు. తాడు పట్టింది అప్పా. పట్టబట్టే చక్రం ఊడిపోలేదు, గట్టు అంచుకు మూరెడు దూరంలో ఆగాం. కింద చెరువు నిండా నీళ్ళు.

నలుగురికీ దెబ్బలు లేవు. సీతమ్మ గారి చెయ్యి మాత్రం ముందు సీటు కమ్మీకి కొట్టుకుంది. అది సూదులు గుచ్చిన చెయ్యి. మిషను మీద ఉన్నప్పుడు రక్తం గడ్డకట్టకుండా మందు ఇస్తారు, అందుకని కట్టు కదిలితే రక్తం ఆగదు. చీర కుచ్చిళ్ళు తడిసిపోయాయి. సూది తీసిన చోట ఎలా నొక్కాలో నర్సమ్మ నాకు ఎప్పుడో చూపించింది. దూది పెట్టి బొటనవేలితో నొక్కి పట్టుకుని, ఆవిడను కల్వర్టు దిమ్మె మీద కూర్చోబెట్టి, నేను కింద మట్టిలో కూర్చున్నాను. నా వేలి కింద ఆవిడ నాడి కొట్టుకోవడం తెలుస్తోంది. మిగతావాళ్ళలో ఒకాయన నాయుడు గారికి ఫోన్ చేశాడు.

ఆవిడ చెరువు వైపు చూస్తూ అడిగారు. "నీకు ముందే తెలుసేటి?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "తెలుసమ్మా. మధ్యాహ్నం సూసాను. అంతకుముందు నూనె పోసిందీ నానే."

కోప్పడతారనుకున్నాను. ఆవిడ చెరువు వైపే చూస్తూ అన్నారు. "నువ్వు సెప్పుంటే మేం దిగిపోదుమేటి? దిగం. ఎక్కడికి పోతాం? అయినా సెప్పాలిరా. ఆ మాస్టారికి ఇంకెన్నాళ్ళో డాక్టరు ముందే సెప్పేసినాడు. అందుకే నవ్వీవోడు. తెలిసి కూకోడం యేరు, తెలీక కూకోడం యేరు."

నాకు ఏడుపు వచ్చింది. చెయ్యి తీస్తే రక్తం వస్తుందని కళ్ళు కూడా తుడుచుకోలేదు.

నాయుడు గారు మోటారు సైకిలు మీద వచ్చారు, వెనకే రెండు ఆటోలు తెచ్చారు. భార్య చీర చూసి రోడ్డు మీదే చతికిలబడ్డారు. నన్ను తిడతారని నిలబడ్డాను. ఆయన తాడు కట్టు దగ్గరికి వెళ్ళి, చేత్తో తడిమి వచ్చేశారు. అప్పటికి రక్తం ఆగింది. మర్నాడు తెల్లారకుండా ఆయనే బస్సెక్కి విశాఖ వెళ్ళి సామాను మోసుకొచ్చారు. ఆ మూడు రోజులూ జబ్బువాళ్ళను ఆటోల్లో పంపారు. అదేదో ముందే చేసి ఉండొచ్చు కదా అని ఆయనా అనలేదు, నేనూ అనలేదు.

నిన్న మిస్త్రీ పట్టీలు దించాడు. ఈసారి నూనె చుక్క తగలనివ్వలేదు. సబ్బునీళ్ళతో తడిపి కొత్త బుష్‌లు ఎక్కించాడు, కొత్త లంకెలు వేశాడు, చక్రాలు నేల మీద ఆనాకే బోల్టులు చివరి బిగింపు బిగించాడు. గాలిలో బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చస్తుందట. ఇప్పుడు బండి నిజంగానే నిమ్మళంగా ఉంది. నాకే నమ్మకం కుదరడం లేదు. పొద్దున దాని కింద దూరి లేచేసరికి సీతమ్మ గారు వాకిట్లో నిలబడి "ఏటి సూసావు?" అని అడిగారు. చూసినదంతా చెప్పాను. ఇకమీదట రోజూ చెప్పి ఎక్కించుకుంటాను.

అప్పా, ఇప్పుడు ఇంకో మాట. మొన్న ఫోన్‌లో నువ్వు పక్కకు వెళ్ళినప్పుడు అమ్మ అంది, పొద్దున లేచేసరికి నీ పాదాలు వాస్తున్నాయని, చేపల తట్ట మోయడం వల్లే అని నువ్వు నొప్పి మాత్రలు మింగుతున్నావని. నా బండిలో కూర్చున్న వాళ్ళను అడిగి చూశాను. ఐదుగురిలో ముగ్గురు మొదట పాదాలు వాచాయనే చెప్పారు. ఇద్దరు ఏళ్ళ తరబడి ఆ మాత్రలే మింగారు. నీకు అదే అని నేను అనడం లేదు, అనలేను. మాత్రలు ఆపి, రక్తం, మూత్రం పరీక్ష చేయించుకో. బావకు చెప్పు. చెప్పడానికి భయమైతే ఈ కాగితమే ఆయన చేతిలో పెట్టు. వచ్చే ఆదివారం బస్సెక్కి నేనే వస్తాను, సోమవారం బండి నడపడానికి వేరే మనిషిని మాట్లాడుకున్నాను. మనిద్దరం కలిసి వెళ్దాం. ఫలితం ఏమొచ్చినా మనం తెలిసే కూర్చుందాం.

అమ్మకు, బావకు నా దండాలు, పిల్లలకు ముద్దులు. నా నెత్తిన చెయ్యి పెట్టి దీవించాల్సినదానివి నువ్వు, ఆ చెయ్యి పదిలంగా ఉంచుకో.

నీ వెనక పుట్టిన,
దానయ్య