తలుపున్న లేతు

దోహా, 1999, శనివారం

నిద్ర పట్టడం లేదు. చమురు ధర పడిపోయిందని పోయినేడు సగం మందిని ఇళ్ళకు పంపిన మా వర్క్‌షాపులో మళ్ళీ మనుషుల్ని తీసుకుంటున్నారు. అయితే అందరికీ కంప్యూటర్ లేతు రావాలట. చేత్తో లేతు తిప్పి ఇనుము తరిగే పాత టర్నర్లమైన మాకూ ఈరోజు దాని మీదే టెస్టు పెట్టారు.

బటన్లన్నీ సరిగ్గానే నొక్కాను. అద్దం తలుపు వెనక షాఫ్టు తిరుగుతోంది. కోత శబ్దం కాస్త మారినట్టనిపించింది. అంతే, అలవాటు కొద్దీ తలుపు లాగి, నునుపెలా వస్తోందో గోటితో చూడబోయాను. మెషిన్ ఠక్కున ఆగి ఎర్రలైటు వెలిగింది.

"హాత్ మత్ లగావ్ భాయ్!" అని, చెయ్యి పెట్టొద్దంటూ ఫోర్‌మన్ అరిచాడు. రేపు ఇంకొక్క ఛాన్సట.

సంగతి చెప్తే, రూంలో నాతో ఉండే రాజేశం నవ్వాడు. "చెయ్యి పెట్టకుంటే అయిపాయె గదనే. ఊకె నిలవడరాదు?" వాడికేం, డ్రైవరు. స్టీరింగు మీద చెయ్యి వెయ్యకుండా బండి నడపమంటే తెలిసేది! ఇందాక అన్నం తింటూ కూడా కంచం అంచు మీద గోరు ఆడిస్తూనే ఉన్నాను.

సరే, రేపు చేతులు వెనక్కి కట్టుకునే నిలబడతాను. నన్ను ఈ పనికి తీసుకున్న బొంబాయి ఇంటర్వ్యూలో మాత్రం సర్టిఫికెట్లు పక్కన పడేసి, ఈ చేతులే తిప్పి తిప్పి చూశారు.