హన్మయ్య లేత్‌కు బొట్టు

అక్టోబర్ 6, సోమవారం

ఈ నెల 15న గిరిప్రసాద్ సార్ నన్ను ఒక ప్రశ్న అడుగుతారు. ఆ రోజుకు నేను చూసిందీ ఊహించిందీ ఒకదానిలో ఒకటి కలిసిపోకూడదు. నాలుగు రోజులు మనసులో నిలవ ఉంటే ఊహ కూడా కళ్లారా చూసినదానిలాగే తోస్తుంది. అందుకే ఏ రోజుది ఆ రోజే రాసుకుంటున్నాను.

సార్ మా యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసు చూస్తారు. నేను రీసెర్చ్ చేసుకుంటూ అక్కడ స్టూడెంట్ ట్యూటర్‌గా ఉన్నాను. మెకానికల్ చదివే విదేశీ విద్యార్థులకు సాయంత్రాలు అర్థం కాని పాఠాలు చెబుతాను. మలావీ నుంచి వచ్చిన చిసోమో వాళ్లలో ఒకడు. థర్డ్ ఇయర్.

మీ ఆఫ్రికా పిలగాడు మల్లాపూర్ల లేత్ మీద నౌకరీ చేస్తుండని ఎవరో ఆఫీసుకు ఫోన్ చేశారట. స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లు పనికి పోకూడదు. వచ్చే నెల అతని వీసా పొడిగించాలి. దానికి యూనివర్సిటీ లెటర్ కావాలి. పని చేస్తున్నాడని తేలితే సార్ లెటర్ ఇవ్వరు. చదువు మధ్యలోనే వెళ్లిపోవాలి.

ఫోన్ చేసిన మనిషి ఒక ఫొటో కూడా పంపాడు. ఆయుధపూజ. బంతిపూల దండ వేసిన లేత్ మీదికి వంగి చిసోమో కుంకుమ బొట్టు పెడుతున్నాడు. సార్ చూసి నవ్వారు. పూజకి పిలిచి ఉంటారమ్మా, ప్రసాదం పెడతామంటే మనం మాత్రం వెళ్లమా ఏంటి అన్నారు. అయినా నీకు చనువుంది కదా దోర్కా, కనుక్కో, నీ మాట మీదే వెళ్తాను అన్నారు.

నాకు నవ్వు రాలేదు. మా నాన్న పీటర్ రిటైరయ్యేదాకా మల్లాపూర్ వర్క్‌షాపుల్లో టర్నర్, లేత్ మీద ఇనుమును తిప్పుతూ చెక్కే పని. ఆ పూజ గురించి సార్‌కు తెలియనిది నాకు తెలుసు.

అక్టోబర్ 7

నాన్నను అడిగి రూఢి చేసుకున్నాను. ఎవని మిషన్‌కు వాడే బొట్టు వెడ్తడు బిడ్డా, పక్కోని మిషన్‌కు వెడితే పక్కోని పెండ్లాం మెడల పుస్తె గట్టినట్టే అన్నాడు.

అక్టోబర్ 8, సాయంత్రం 5.30

ఈ రోజు పాఠం థ్రెడ్ కటింగ్, లేత్ మీద ఇనుప కడ్డీకి మర తీయడం. మా వర్క్‌షాప్‌లో లేత్‌ను ఇన్‌స్ట్రక్టర్ నడుపుతాడు. విద్యార్థులు చుట్టూ నిలబడి చూస్తారు, వైవాలో మాత్రం తామే నడిపినట్టు చెబుతారు. పోయిన నెల దాకా చిసోమోకు ఈ పాఠం తలకెక్కలేదు. ఈ రోజు బోర్డు దగ్గర నిలబడి తానే వివరించాడు. మర చివరికి వచ్చిందనగానే అతని కుడిచెయ్యి, చూడకుండానే, గాలిలో, అక్కడ లేని లీవర్‌ను, కోతను ఆపేదాన్ని, ఎత్తింది. సరిగ్గా ఉండవలసిన చోట, ఉండవలసిన ఎత్తులో. నేను చూస్తున్నానని గమనించి చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

బయటికి వస్తుంటే వెనక నుంచి, జర ఆగు అక్కా అన్నాడు. నిన్నటి దాకా నేను మేడమ్‌ని. ఎక్కడ నేర్చుకున్నావంటే, ఉప్పల్ బస్సులో అన్నాడు. ఉప్పల్ బస్సులో జర జరుగుండ్రి అంటారు. జర ఆగు అక్కా అని ఎవరూ అనరు, అది మల్లాపూర్ వర్క్‌షాపుల మాట.

అక్టోబర్ 9

చిసోమో బొటనవేలికి ప్లాస్టర్. ఉల్లిగడ్డలు కోస్తుంటే తెగిందట. నేను నమ్మలేదు. నమ్మకపోవడానికి నా దగ్గర కారణమూ లేదు.

అక్టోబర్ 11, శనివారం

నాన్నను వెంటబెట్టుకుని మల్లాపూర్ వెళ్లాను. వర్క్‌షాప్ బాలరాజు అనే ఆయనది. ఒకప్పుడు నాన్న దగ్గర పని నేర్చుకున్నాడు. కుర్చీలు తుడిచి వేశాడు. ఏందన్నా, పెన్షన్ తిని మస్తు పొట్ట వెంచినవ్ అని నాన్నను ఆట పట్టించాడు. నీ లెక్క మంది కష్టం తిని వెంచలే తీయ్ అన్నాడు నాన్న. చాయ్ వచ్చింది.

చిసోమో పేరెత్తగానే బాలరాజు గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. చేతులకు ఏమీ అంటలేదు.

వాడు పనికి వస్తలేడు బిడ్డా, సూసి నేర్సుకపోను వస్తుండు అన్నాడు. జీతమిస్తే పోలీసోళ్లు వానికన్న ముందుగాల నన్ను గుంజుకపోరా అన్నాడు. మరి బొట్టు ఎందుకు పెట్టాడని అడిగాను. ఆయన గొంతు తగ్గించాడు.

మూలన ఉన్న ఆ లేత్ హన్మయ్యది. వేసవిలో గుండెపోటుతో పోయాడు. అప్పటి నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదట. పూజనాడు అన్ని మిషన్లకూ బొట్లు పడ్డాయి, అదొక్కటే మిగిలింది. చచ్చినోని మిషన్‌కు నేను వెట్ట అంటే నేను వెట్ట అని ఒకరినొకరు నెట్టుకున్నారట. మిషన్ వట్టిగ ఉంచుడు మంచిది గాదాయె, అప్పుడే ఈ పిలగాడు వచ్చిండు, పాపం వానికేం తెలుసు, పళ్లెం వాని చేతిల వెట్టినం అన్నాడు. అన్నాక సిగ్గుపడ్డాడు.

అంటే నేను రుజువు అనుకున్నది తలకిందులైంది. ఆ మిషన్ తనది కాబట్టి కాదు, ఎవరిదీ కాదు కాబట్టి పెట్టాడు.

ఆ మూలకు వెళ్లి కాసేపు నిలబడ్డాను. దండ వాడిపోయి ఉంది. బొట్టు మాత్రం ఎవరో చెరిగిపోకుండా చూసుకుంటున్నట్టు గుండ్రంగా ఉంది. బస్సులో నాన్నను ఏమనుకుంటున్నావని అడిగాను. మిషన్‌కు వాడు బొట్టు వెట్టిండు గదా, ఇగ అది వానిదే అన్నాడు.

అక్టోబర్ 12, ఆదివారం

చర్చికి బయలుదేరుతూ శాండల్స్ తొడుక్కున్నాను. ఒకదాని అడుగున ఏదో గీరుకుంది. తీసి చూస్తే లేత్ మీద రాలే ఇనుప తురుము, స్ప్రింగులా చుట్టుకుని ఉంది. నీలంగా మెరుస్తోంది. తుప్పు లేదు. ఈ వానలకు ఇనుప తురుము రెండు మూడు రోజుల్లోనే ఎర్రబడుతుంది. వేసవి నుంచి ఆగిపోయిన లేత్ కిందిది ఇలా ఉండదు.

కానీ ఆ మూలకు నేను రోజూ నడిచే రెండు లేత్‌ల పక్కనుంచి నడిచి వెళ్లాను.

అక్టోబర్ 13

చిసోమోతో దాచకుండా మాట్లాడాను. మల్లాపూర్ వెళ్తున్నానని ఒప్పుకున్నాడు. ఊడుస్తాడట, పనిముట్లు అందిస్తాడట, వాళ్లతో కలిసి అన్నం తింటాడట. కుంకుమ పళ్లెం ఇచ్చినప్పుడు వాళ్లు తనకు ఎంత గౌరవం ఇస్తున్నారోనని ఏడుపొచ్చినంత పనైందట. ఈ మూడేళ్లలో ఈ ఊళ్లో తనను ఎవరూ అలా ముందుకు పిలవలేదన్నాడు. నేను చేసింది తప్పా అక్కా అని అడిగాడు. తప్పు కాదన్నాను. హన్మయ్య సంగతి చెప్పలేదు.

ఆ లేత్ నడిపావా అని అడిగాను.

చేతులు పెట్టకుండా చూస్తూ ఉంటే ఎవరికైనా పని వస్తుందా అని అడిగాడు. అది జవాబో ప్రశ్నో తేల్చుకునేలోపు క్లాసుకు టైమైందని లేచాడు.

అక్టోబర్ 15

సార్ అడిగారు. ఆ ఫొటో దేనికీ రుజువు కాదన్నాను. ఎందుకు కాదో వివరించాను. ఆయన లెటర్ మీద సంతకం పెట్టారు.

తురుము సంగతి ఆయన అడగలేదు. నేను ఎత్తలేదు.

అది ఏ లేత్ నుంచి రాలిందో నాకు తెలియదు.