ఒక్కటే దోమతెర

మార్చి 9. పొద్దుటి నుంచి వాన. పడవ చిల్లు పూడ్చాను.

సొరైదా, కంగారుపడకుండా చదువు. నువ్వు చెప్పినట్టే పిల్లలకు వయసును బట్టి పడక వేళలు పెట్టాను. చిన్నది ఎలీటా పొద్దుగూకగానే, పెద్దది నిల్డా చదువు అయ్యాక. దోమతెర ఒక్కటే కదా. మొన్న నిల్డా ఆలస్యంగా అందులో దూరి, అంచు సరిగా దోపలేదు. తెల్లారేసరికి ఎలీటా కాలివేలి నిండా నెత్తురు. నెత్తురు తాగే గబ్బిలం కొరికింది. సబ్బుతో బాగా కడిగాను. దీనికీ పిచ్చికుక్క కాటుకు వేసే టీకానే వేయాలట, ఇక్కడ అది అయిపోయింది. గురువారం లాంచీకి వస్తుందంటోంది నర్సు. నువ్వు అక్కడ ఇకితోస్ పట్నంలో పెద్దాసుపత్రికి వెళ్ళి, టీకా లాంచీ ఎక్కిందో లేదో కళ్ళారా చూడు. ఇంకో దోమతెర పంపించు. మీ అమ్మ మోకాలు తగ్గిందా?

ఇకపై అందరూ ఒకేసారి పడుకోవాలన్నాను. "నేనేమన్నా కోడిపిల్లనా నాన్నా, చీకటి పడగానే గూట్లో దూరడానికి?" అని వెక్కిరించే నిల్డా, నిన్న వెలుగుండగానే చెల్లి పాదం గుప్పిట్లో పట్టుకుని పడుకుంది.

ఆ కాటుతో పిచ్చి పట్టినవాళ్ళు నీళ్ళు మింగలేరట. అందుకే ఎలీటాకు మాటిమాటికీ నీళ్ళిచ్చి చూస్తున్నాను. దేవమాత నిన్నూ మీ అమ్మనూ చల్లగా చూడాలి. ఇప్పుడే ఎలీటా గ్లాసు పక్కకు నెట్టేసింది. "చాలు నాన్నా, పొట్ట పగిలిపోతుంది" అంది. కడుపు నిండే అలా అందని నాకు నేనే చెప్పుకుంటున్నాను.